బస్తా కాసిన ముద్ద

ఆ ఉదయం ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేనట్టుంది. ఛాతం రంపపు మిల్లు పొగ పైకి లేవలేక నీళ్ళ మీదే పాకుతోంది. హేరియట్ కొండ నెత్తిన మబ్బు తలపాగాలా చుట్టుకుని కదలడం లేదు. తూర్పున రాస్ దీవి వెనక మాత్రం ఒక తెల్లటి చీలిక ఉంది.

హోప్ టౌన్ ఒడ్డున రాముడు ఆ చీలిక వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెనక వాడ జనమంతా ఉన్నారు. అందరూ శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి పాకలు వేసుకున్న వాళ్ళే. ఆ రోజు రాముడి ఒక్కగానొక్క కొడుకు కన్నారావుకు పెద్దదినం.

శవం లేదు. వైశాఖం చివర్లో ఒక పొద్దున కన్నారావు ఒక్కడే డోంగీ పడవ వేసుకుని రాస్ దాటి వేటకు వెళ్ళాడు. మధ్యాహ్నం గాలి తిరిగింది. మర్నాడు ఎవరిదో లాంచీ ఆ డోంగీని తాడుతో కట్టి లాక్కొచ్చింది. అందులో వల ఉంది. గంజి పట్టుకెళ్ళిన సత్తు క్యారియరు ఉంది, మూత తీయలేదు. మనిషి లేడు.

కులపెద్ద రమణయ్య, కన్నారావు చొక్కానూ లుంగీనీ మనిషి పడుకున్నట్టు ఇసకలో పరిపించి తంతు నడిపించాడు. చివరికి అరిటాకులో అన్నం ముద్ద పెట్టించాడు.

"ఇంక తిరగండి. ఎవులూ ఎనక్కి సూడకండి. మనిసి కళ్ళు పడితే ఆడు రాడు," అన్నాడు.

వాడ ఆచారం అది. ముద్ద పెట్టాక వీపు తిప్పి, బోర్లించిన పడవల అవతలికి వెళ్ళి కూర్చోవాలి. పోయినవాడు కాకై వచ్చి తింటాడు. కాసేపయ్యాక కులపెద్ద ఒక్కడే వెళ్ళి చూసొస్తాడు. కాకి ముడితే చావు పూర్తయినట్టు.

అందరూ కూర్చున్నారు. కొబ్బరిచెట్ల మీద కాకులు అరుస్తూనే ఉన్నాయి. రమణయ్య వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నడక చూసే రాముడికి అర్థమైంది.

"ముట్నేదు," అన్నాడు రమణయ్య.

అంతదాకా గొంగళిలో ముడుచుకుని కూర్చున్న కాళమ్మ లేచి నిలబడింది.

"నాను సెప్నేదేటి! నా కొడుకు సచ్చిపోనేదు. సచ్చిపోతే నా సేతి కూడు కాదంతాడా ఆడు? ఏ దీవిలో పడ్డాడో, వోడొచ్చి ఏ దేశం ఎక్కించుకుపోయినాదో! నా కొడుకు ఉన్నాడర్రా!"

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. రమణయ్య తల గోక్కున్నాడు.

"అయితే దినం అవనట్టే రాముడూ. అమాసకి మళ్ళీ పెడదాం. అందాకా ఇంట్లో నీసు ముట్టకండి. కోడలి గాజులు తియ్యకండి."

రాముడు తలూపాడు. పడవల పక్కనుంచి బస్తా లేచి ఇసక దులుపుకుని కాళమ్మ వెనకే ఇంటికి నడిచింది.

బస్తా వాళ్ళ కుక్క. అది సముద్రంలోంచి వచ్చింది.

రెండేళ్ళ కిందట కన్నారావు ఛాతం జెట్టీలో చేపలిచ్చి తిరిగి వస్తుంటే, నీళ్ళ మీద గోనెసంచి ఒకటి తేలుతూ కనిపించింది. లోపల్నుంచి కుయ్‌కుయ్ మని వినపడింది. జెట్టీ మీద దుంగలు దొర్లిస్తున్న రాంచీ కూలీ ఒకడు నవ్వాడు.

"ఛోడ్ దే భయ్యా! గలీ కా కుత్తా హై, మర్ గయా హోగా!"

వదిలెయ్, వీధికుక్క, చచ్చే ఉంటుందని వాడన్నా కన్నారావు వదల్లేదు. తెడ్డుతో సంచిని దగ్గరికి లాగి మూతి కోశాడు. మూడు పిల్లలు. రెండు అప్పటికే పోయాయి. మూడోది ఇసకరంగుది, నీళ్ళు కక్కుతూ కొట్టుకుంటోంది. దాన్ని చొక్కాలో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

కాళమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"గంగమ్మకిచ్చింది ఎత్తుకొచ్చినావేట్రా సచ్చినోడా! ఆ తల్లి ఊరుకుంతాదా?"

"గంగమ్మ దీన్నేటి సేసుకుంతాదే అమ్మా? కూరొండుకుంతాదా?"

"నవ్వకు. ఇది గడప దాటి నోపలికొచ్చినాదంటే, నాను గడప దాటి బయిటికి పోతాను."

అలా అది వాకిట్లోనే పెరిగింది. ఎంత వానొచ్చినా చూరు కింద ముడుచుకునేది గానీ గడప దాటలేదు. సంచిలో ఎంత ఉప్పునీళ్ళు మింగిందో, దానికి గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి వచ్చేది, అరుపు వచ్చేది కాదు.

గొంతు లేని కుక్క ఎందుకని కాళమ్మ సణిగేది. కానీ ఎండాకాలంలో, నెత్తళ్ళు ఎండబెట్టిన చోట, ఆమెకు దాని విలువ తెలిసింది. ఆ దీవుల కాకులు మనిషికి బెదరవు. రాయి విసిరితే పక్కకు గెంతి మళ్ళీ వస్తాయి. బస్తా మాత్రం ఇసకలో ఇసకలా పడుకుని ఉండి, కాకి కాలు నేలకు ఆనే లోపల చప్పుడు లేకుండా మీదికి దూకేది. మళ్ళీ వచ్చి అదే చోట పడుకునేది. చేప ఒక్కటి ముట్టేది కాదు. కాళమ్మ "కూకో" అని వేలు చూపిస్తే పొద్దు వాలేదాకా అక్కడే.

"అత్తకి కొత్త కోడలొచ్చింది. నానింక కన్నోరింటికెల్లిపోవచ్చు," అని తవిటమ్మ నవ్వేది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. మొగుడు వినేటట్టు కావాలనే గట్టిగా అనేది.

"ఎల్లు, ఎల్లు. దీనికైతే సీరలక్కర్నేదు," అనేవాడు కన్నారావు.

ఆ ఇంట్లో నవ్వు అట్లా ఉండేది.

కన్నారావు పోయిన పొద్దున బస్తా డోంగీ వెనక చాలా దూరం ఈదింది. వాడు తెడ్డుతో నీళ్ళు చిమ్మి వెనక్కి తోలాడు. ఒడ్డున ఉన్న రాముడు అదంతా చూశాడు. కొడుకును ఆఖరిసారి చూడడం కూడా అదే. వాడి ముఖం కుక్క వైపే ఉంది.

జ్యేష్ఠ అమావాస్యకు, ఆషాఢ అమావాస్యకు మళ్ళీ ముద్ద పెట్టారు. వాన పడుతూనే ఉంది. కాకి ముట్టలేదు. అన్నం తడిసి ఇసకలో కలిసింది.

వాడలో గొణుగుళ్ళు మొదలయ్యాయి. పక్కింటి కామమ్మ బావి దగ్గర ఆగలేక అనేసింది.

"గంగమ్మ నోటికాడిది లాక్కున్నాడు కాదేటి! ఆ తల్లి దాని బదులు ఈడ్ని తీసుకున్నాది. ఆ కుక్కనట్టుకెల్లి ఉప్పునీల్లలో ఇసిరీండే, అప్పుడు ముడతాది కాకి."

కాళమ్మ బిందె కింద పెట్టింది. మొదట ఆ మాట అన్నది తనేనని ఆమెకు గుర్తు లేకపోలేదు.

"కుక్కనిసిరితే నా కొడుకొస్తాడా? వొస్తాడంటే సెప్పు, నన్నూ ఇసిరీ. నేకపోతే నోర్మూసుకుని నీల్లు తోడుకో."

ఆ రోజు నుంచి ఆమె తన కంచంలోంచే బస్తాకు ముద్ద తీసి పెట్టేది. అది పొద్దస్తమానం ఒడ్డున పడుకుని రాస్ వైపు చూస్తుంటే, వెళ్ళి పక్కన కూర్చునేది. కన్నారావు వల బాగుచేస్తూ దానితో మాట్లాడేది.

"ఆడొచ్చినాక పండక్కి కొత్త వల కొందాం. ఈ వల ఇంక అతుకులే. వోరే బస్తా, ఇంతన్నావేట్రా?"

రాముడు దూరంనుంచి చూసేవాడు. పదిరోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, ఇప్పుడు తింటోంది. తల దువ్వుకుంటోంది. ఆయన తన దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, పనిలేకపోయినా పడవలకు తారు పూసేవాడు.

తవిటమ్మ మాత్రం ఒడ్డుకు వచ్చేది కాదు. వంట చేసేది, నీళ్ళు తెచ్చేది. చేతినిండా ఎర్రగాజులు గలగలమనేవి. ఆ చప్పుడు విన్నప్పుడల్లా వాడలో ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. పేరంటానికి పిలవాలా వద్దా, ఎదురొస్తే ఆగాలా వద్దా, ఎవరికీ తెలియదు. పిల్లకూ తెలియదు. పెళ్ళిపిలుపు వస్తే పెరట్లోకి వెళ్ళి నిలబడేది.

శ్రావణంలో విశాఖపట్నం ఓడలో ఆమె అన్న బంగారురాజు దిగాడు. ఓడవాళ్ళ నోట కబురు విని వచ్చాడు. ఊర్నుంచి ఎండు నెత్తళ్ళ పొట్లం తెచ్చాడు. ఆ ఇంట్లో నీసు లేదని తెలిసి, దాన్ని తీసుకెళ్ళి వాసానికి వేలాడగట్టాడు. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు రాముడి పక్కన కూర్చుని చుట్ట వెలిగించాడు.

"మావా, ఓ మాటడగాల."

"అడుగు."

"మా సెల్లికి నిండా ఇరవై ఏల్లు నేవు. మన కులంలో మారుమనువు తప్పేటి కాదు. కానీ నాను ఊరెల్లి దాన్ని ఏటని సెప్పాల? మొగుడున్నదనా, నేనిదనా?"

"కాకి ముట్నేదు గదా బావూ."

"సవితి కాకి! ఆడు పోయినాడని నీకూ తెల్సు, నాకూ తెల్సు. వోడ వచ్చే వారం ఎల్లిపోతాది. మల్లా ఎప్పుడో! ఈ అమాసకన్నా తేల్చీండి."

బంగారురాజు చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుని లేచిపోయాడు.

శ్రావణ అమావాస్య నాడు ముద్ద పెట్టిన తరవాత రాముడు పడవల వెనక కూర్చోలేకపోయాడు. వెదురు కొట్టుకొస్తానని కత్తి పట్టుకుని కొండదారి ఎక్కాడు. ఎవరూ ఆపలేదు. మలుపు దగ్గర ఆయాసమొచ్చి ఆగి, తెలియకుండానే కిందికి చూశాడు.

పై నుంచి ఒడ్డంతా కనిపిస్తోంది. అరిటాకు చిన్న ఆకుపచ్చ చుక్కలా ఉంది. పడవల ఇవతల జనం, అందరి వీపులూ అటే. కొబ్బరిచెట్టు మీంచి ఒక కాకి దిగింది. కాళ్ళు ఇసక మీద ఆనిందో లేదో, ఇసకే లేచినట్టు ఏదో లేచింది. కాకి ఎగిరిపోయింది. లేచినది తిరిగొచ్చి ఆకుకు రెండు బారల దూరంలో పడుకుంది. మళ్ళీ ఇసకైపోయింది.

ఇంకో కాకి దిగింది. మళ్ళీ అంతే. చప్పుడు లేదు, అరుపు లేదు.

రాముడు కత్తి పక్కన పెట్టి అక్కడే కూర్చున్నాడు.

బస్తా తన పని తను చేస్తోంది. ఒడ్డున తిండి పెట్టి మనుషులు వెళ్ళిపోతే కాకుల్ని రానివ్వకూడదు. దానికి నేర్పింది అదే. కన్నారావు అన్నం ముద్దను అది నెత్తళ్ళను కాసినట్టే కాస్తోంది. ఒక్క మెతుకు తను తినదు, ఎవర్నీ తిననివ్వదు.

కింద రమణయ్య చూసొచ్చాడు. కాళమ్మ చేతులు పైకెత్తడం రాముడికి కనిపించింది. గొంతు అంతెత్తుకు వినపడలేదు గానీ, ఆమె ఏమంటోందో ఆయనకు తెలుసు.

వెదురు కొట్టకుండానే దిగొచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడం ఎంత సేపు? తాడు ముక్క ఒకటి చాలు. కుక్కను కట్టేస్తే కాకి వస్తుంది. కాకి వస్తే కొడుకు చస్తాడు. వాడు సముద్రంలో ఒకసారి పోయాడు. ఇప్పుడు కాళమ్మ చేతుల్లోంచి తీసి చంపాల్సింది తను.

రెండు రోజులు అలాగే తిరిగాడు. అన్నం దగ్గర కాళమ్మ ముఖం వంక చూడలేకపోయాడు. బంగారురాజు పెట్టె సర్దుకున్నాడు, చెల్లెల్ని పంపమని ఇక అడగలేదు. రెండో రోజు సాయంత్రం రాముడు వాకిట్లో వల మడతపెడుతుంటే తవిటమ్మ వచ్చి, గుంజకు ఆనుకుని నిలబడింది. కాపురానికి వచ్చాక ఆ పిల్ల ఎదురుగా నిలబడి మాట్లాడడం అదే మొదలు.

"మావా."

"ఏటమ్మా?"

"నాను ఎవర్ని?"

ఆయన చేతిలో వల ఆగింది.

"ఆడికోసం ఏడుద్దామంటే అత్త కసురుతాది, బతికున్నోడి కోసం ఏడుస్తారా అని. ఏడకుండా ఉందామంటే ఊరోల్లు సూస్తన్నారు. అన్నతో ఎల్దామంటే ఇల్లొదిలి పోయిన పెల్లాన్నవుతాను. ఉందామంటే..." ఆగింది. గాజులు ఒకసారి పైకి తోసుకుంది. "నన్ను ఏడవనీ మావా. అంతకన్నా ఏటీ అడగను."

లోపల కాళమ్మ చేస్తున్న చీపురు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

రాముడు లేచి రమణయ్య ఇంటికి వెళ్ళాడు.

"రేపొద్దున మళ్ళీ ముద్ద పెడదాం," అన్నాడు.

"రేపా? రేపేటి తిథి? అమాస ఎల్లిపోనాది గదా!"

"కాకికి తిథేటి తెల్సు రమణయ్యా? పెడదాం. రేపు ముడతాది."

రమణయ్య ఆయన ముఖం చూసి, ఎలా తెలుసని అడగలేదు.

తెల్లవారింది. మబ్బు లేదు. రాముడు వలతాడు ముక్క ఒకటి చేతిలో చుట్టుకుని బయటికొచ్చాడు. చూరు కింద బస్తా లేదు. ఒడ్డుకు వెళ్ళాడు, అక్కడా లేదు. ముద్దకు ఆకు కోసుకొచ్చిన తవిటమ్మనూ బంగారురాజునూ అడిగాడు. చూడలేదన్నారు. అనుమానమొచ్చి ఇంటికి తిరిగొచ్చాడు.

గడప లోపల, పొయ్యి పక్కన, కాళమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆమె ఒళ్ళో బస్తా ఉంది. ఎన్నడూ దాటని గడప దాటినందుకు దాని ఒళ్ళంతా వణుకుతోంది. ఆమె రెండు చేతులూ దాని మెడ చుట్టూ వేసి పట్టుకుంది.

"ఏటా తాడు?" అంది.

"ఊరికే."

"అక్కడ పారీ. కట్టీడానికి అదేటి దొంగతనం సెయ్నేదు. ఎల్లి కూడు పెట్టండి. ఇది నాకాడుంతాది."

రాముడు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"నీకు తెల్సా?"

"కాకుల్ని తోలడం దీనికి నేర్పింది ఎవులు, నువ్వా? పుట్టి బుద్ధెరిగినాక నువ్వెప్పుడన్నా నెత్తళ్ళెండబెట్టినావా?" గొంతులో పాత కాళమ్మ ఒక్క క్షణం వినిపించి పోయింది. "మొదటి దినాన్నే సూసినాను. రమణయ్య ఎనక్కి సూడొద్దన్నాడు. ఎలా సూడకుండా ఉంతాను? 'వోరే బస్తా, రారా' అని ఒక్క కేకేస్తే వొచ్చీసును. కేకెయ్యనేకపోనాను."

"మరి ఇన్నాల్లూ..."

"ఇది కాసినన్నాల్లూ నా కొడుకు ఉన్నాడు. అంతే." బస్తా చెవిని వేళ్ళ మధ్య నిమిరింది. "నిన్న ఆ పిల్ల అడిగింది ఇన్నాను. నా కొడుకుని అట్టిపెట్టుకోడానికి ఆడి పెల్లాన్ని సంపీస్తన్నాను. ఎల్లు. ఎల్లేటప్పుడు తలుపేసీ."

రాముడు తలుపు దగ్గరికి లాగాడు. ముంజేతితో ముఖం తుడుచుకుని ఒడ్డుకు నడిచాడు.

రమణయ్య, రాముడు, తవిటమ్మ, బంగారురాజు. అంతే, ఎవర్నీ పిలవలేదు. ముద్ద పెట్టి వీపు తిప్పి పడవల వెనక కూర్చున్నారు. అల ఒకటి వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. వెనక రెక్కల చప్పుడు వినపడింది. తరవాత ఇంకో రెక్కల చప్పుడు. తరవాత కాకుల తోపులాట, ఆకు చిరిగిన చప్పుడు.

రమణయ్య లేవనే లేదు. చూడాల్సిన పని లేకపోయింది.

అప్పుడు పాకల వైపు నుంచి ఒక అరుపు వచ్చింది. అరుపు కాదు, లోపల ఏదో చీల్చుకుని బయటికొచ్చిన చప్పుడు. పొడుగ్గా సాగింది.

"కుక్కేటి, అలా ఏడుస్తన్నాది?" అన్నాడు బంగారురాజు.

రాముడు పాకల వైపు చూశాడు. బస్తాకు గొంతు లేదు.

తవిటమ్మ రెండు చేతులూ డోంగీ అంచుకు వేసి కొట్టింది. అది కన్నారావు డోంగీయే. ఎర్రటి ముక్కలు ఇసకలో పడ్డాయి. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. నెలలుగా దాచుకున్నదంతా, అన్న భుజం మీద కాదు, ఆ డోంగీ అంచు మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

సముద్రంలో మునిగి, తడిబట్టలతో ఇంటికి వచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. కాళమ్మ పొయ్యి వెలిగించింది. వాసానికి వేలాడుతున్న పొట్లం విప్పి, ఊరి నెత్తళ్ళు చింతపండు పులుసులో వేసింది. వేసంగి దాటాక ఆ ఇంట్లోంచి చేపల వాసన రావడం అదే మొదలు. ఆమె ముఖం వాచి ఉంది. చేతులు మాత్రం ఉప్పు, కారం లెక్క తప్పకుండా వేస్తున్నాయి.

ఓడ మర్నాడు. తవిటమ్మ పెట్టె గుమ్మం పక్కన ఉంది. దాని మీద కన్నారావు చొక్కా మడతపెట్టి ఉంది. ఎవరు పెట్టారో రాముడు అడగలేదు.

నలుగురికీ సత్తు కంచాలు వేసింది కాళమ్మ. తరవాత ఒక కొబ్బరిచిప్ప తెచ్చి తన పక్కన, గడపకు లోపల పెట్టింది. మొదటి ముద్ద, నాలుగు నెత్తళ్ళతో కలిపి అందులో వేసింది. బస్తా చేపల వంక చూసింది. తినలేదు. ఆమె వంక చూసింది. రెండేళ్ళు కాసిందే గానీ అది వాటిని ఎప్పుడూ ముట్టలేదు. కాళమ్మ వేలితో చిప్పను దాని ముందుకు జరిపింది. అది తల వంచింది.

అప్పుడు వీళ్ళూ కంచాల్లో చేతులు పెట్టారు. బయట ఎండ కాస్తోంది. కాకులు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పులుసు అడగాల్సిన వాళ్ళు అడగలేదు, కాళమ్మే చూసి వేసింది. తవిటమ్మ చేయి కంచానికీ నోటికీ మధ్య, ఏ చప్పుడూ లేకుండా తిరిగింది.